తిరిగే ఇరుసు, తగిలే దెబ్బ



మన వైపు బండి కొనే రైతు ముందు ఎద్దులను చూస్తాడు, ఆ తర్వాత వంగి ఇరుసును చూస్తాడు. కాడి విరిగితే దారిలో ఏ చెట్టు కొమ్మో నరికి కట్టుకుని ఇల్లు చేరవచ్చు. ఇరుసు విరిగితే మాత్రం బండి ఉన్నచోటే కూలబడుతుంది. ఎద్దుల బండికే కాదు, పిండి మరకు, చెరకు గానుగకు, రైలు పెట్టెకు, కరెంటు పుట్టించే టర్బైనుకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. తిరిగే యంత్రం ఏదైనా దాని ప్రాణం ఇరుసులో ఉంటుంది. ఇంజనీర్లు దాన్ని షాఫ్టు అంటారు. ఆ షాఫ్టు మీద హఠాత్తుగా దెబ్బ పడితే ఏమవుతుందో ముందుగానే లెక్కకట్టడం మనిషి ఎలా నేర్చుకున్నాడు, ఆ చదువుకు ఎంత మూల్యం చెల్లించాడు అన్నదే ఈనాటి ప్రసంగం.

ముందుగా నా చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాను. మా ఊళ్ళో చెరకు ఆడే రోజులు. ఆయిలింజనుతో నడిచే గానుగ రాత్రీ పగలూ తిరుగుతుండేది. ఒక సాయంత్రం చెరకు గడలతో పాటు విరిగిన కొడవలి ముక్క ఒకటి రోళ్ళ మధ్యకు వెళ్ళింది. ఫెళ్ళున చప్పుడైంది. రోళ్ళు ఆగిపోయాయి, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది. చూస్తే, ఏళ్ళ తరబడి పనిచేసిన షాఫ్టు రెండు ముక్కలై ఉంది. "ఇంత లావు ఇనుము ఇంత చిన్న ముక్కకు విరగడమేమిటి?" అని మా నాన్నగారు ఆశ్చర్యపోయారు. మిస్త్రీ విరిగిన ముక్కను దీపం దగ్గరకు తెచ్చి చూపించాడు. తెగిన ముఖంలో సగం నల్లగా, నున్నగా ఉంది. మిగతా సగం గరుకుగా, వెండిలా మెరుస్తోంది. "అన్నా, ఇది ఇవాళ విరిగింది కాదు. నల్లగా ఉన్న సగం ఎప్పుడో విరిగింది. మనం చూసుకోలేదు. మిగిలిన సగాన్ని ఇవాళ్టి దెబ్బ విరగ్గొట్టింది" అన్నాడు.

బడి చదువు లేని ఆ మిస్త్రీ రెండు వాక్యాలలో చెప్పిన విషయం యూరప్ ఇంజనీర్లకు అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. దాన్ని కాగితం మీద లెక్కగా మార్చడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కథ ఒక రైలు ప్రమాదంతో మొదలవుతుంది.

అది 1842వ సంవత్సరం మే 8వ తేదీ. ఫ్రాన్సు దేశంలో రాజుగారి గౌరవార్థం వెర్సాయ్ ఉద్యానవనంలో ఉత్సవం జరిగింది. అక్కడి నీటి ఫౌంటెన్లు చూసిన జనం సాయంత్రం రైలెక్కి పారిస్‌కు తిరుగు ప్రయాణమయ్యారు. మేడాన్ అనే ఊరి దగ్గర ముందున్న ఇంజను ఇరుసు విరిగింది. ఇంజను కూలబడింది. వెనకాల వస్తున్న పెట్టెలు దాని మీదికెక్కాయి. నిప్పులు చెదిరి పెట్టెలు అంటుకున్నాయి. ఆ రోజుల్లో ప్రయాణికుల భద్రత కోసమని పెట్టెలకు బయట నుంచి తాళం వేసేవారు. ఆ తాళాలే వారికి మృత్యువయ్యాయి. యాభై మందికి పైగా మంటల్లో చనిపోయారు. ప్రపంచమంతా తిరిగి వచ్చిన ప్రసిద్ధ నావికుడు డ్యూమో దుర్విల్, ఆయన భార్య, కుమారుడు కూడా వారిలో ఉన్నారు. సముద్రాలు దాటిన మనిషి రాజధాని పొలిమేరలో ఒక ఇరుసు విరిగి ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

ఎందుకు విరిగింది? ఆ ఇరుసు మీద పడిన బరువు దాని శక్తికి మించినది కాదు. అంతకు ముందు రోజు కూడా అదే బరువు మోసింది. అప్పట్లో చాలామంది నమ్మకం ఏమిటంటే, అదురు వల్ల ఇనుములోని నారలు పోయి, అది పటిక బెల్లంలా పలుకులు పలుకులుగా మారి పెళుసవుతుందని. మరుసటి సంవత్సరం, 1843లో, ఇంకా పాతికేళ్ళు నిండని విలియం రాంకిన్ అనే స్కాట్లండు ఇంజనీరు విరిగిన ఇరుసులను పరిశీలించి వేరే మాట చెప్పాడు. ఇనుము స్వభావం మారడం లేదు, ఇరుసు లావు హఠాత్తుగా తగ్గే చోట, ఆ మూల దగ్గర, సన్నటి పగులు పుట్టి రోజురోజుకూ లోపలికి పెరుగుతోందన్నాడు. ఆ మూలను నిలువుగా కోయకుండా నున్నటి వంపుగా తీయమని సలహా ఇచ్చాడు. ఈనాడు కూడా ఏ లేతు మెషీను దగ్గరకు వెళ్ళినా, షాఫ్టుకు మెట్టు ఉన్నచోట ఆ చిన్న వంపు కనిపిస్తుంది. దాని వెనక ఇంత కథ ఉందన్నమాట.

రాంకిన్ కారణాన్ని ఊహించాడు. దాన్ని కొలిచినవాడు జర్మనీకి చెందిన ఆగస్ట్ వోలర్. ఆయన ప్రష్యా రైల్వేలో అధికారి. 1850ల చివర్లో ఆయన నడుస్తున్న రైలు ఇరుసులకే కొలత సాధనం బిగించాడు. ఇరుసు వంగినప్పుడల్లా ఒక సూది జింకు రేకు మీద గీత గీసేది. దారి పొడుగునా ఇరుసు ఎంతెంత వంగిందో ఆ గీతలు చెప్పాయి. ఆ తర్వాత ఇరుసులను యంత్రంలో బిగించి, బరువు పెట్టి, లక్షల సార్లు తిప్పి చూశాడు. 1870 వరకు సాగిన ఆ ప్రయోగాలలో ఆయన తేల్చిన విషయం ఇది. ఇనుము ఒక్కసారి మోయగల బరువు వేరు, లక్షల సార్లు మోయగల బరువు వేరు. రెండోది చాలా తక్కువ.

దీన్ని మనం కూడా లెక్క వేసుకోవచ్చు. రైలు చక్రం అడ్డుకొలత సుమారు ఒక మీటరు అనుకుందాం. ఒక్క చుట్టుకు మూడు మీటర్ల చిల్లర నడుస్తుంది. నూరు కిలోమీటర్లు పోవాలంటే దాదాపు 32 వేల చుట్లు తిరగాలి. ప్రతి చుట్టులోనూ ఇరుసు పైపొర ఒకసారి సాగుతుంది, అర చుట్టు తిరిగేసరికి అదే పొర నొక్కుకుంటుంది. ఒక తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టే. తీగ పది వంపులకు విరుగుతుంది, ఇరుసు పది కోట్ల వంపులకు విరగవచ్చు. దీన్నే ఇంజనీర్లు లోహపు అలసట అంటారు.

అలసట కథలో సగం. మిగతా సగం దెబ్బ. నెమ్మదిగా పెట్టిన బరువుకూ, దెబ్బగా పడిన బరువుకూ తేడా ఎంత? ఫ్రాన్సులో పాన్సెలే అనే సైనిక ఇంజనీరు 19వ శతాబ్ది పూర్వార్ధంలోనే దీన్ని చూపించాడు. ఒక బరువును దూలం మీద ఆనించి, చేత్తో పట్టుకుని, హఠాత్తుగా వదిలేస్తే దూలం మామూలుకంటే రెట్టింపు వంగుతుంది. ఎత్తు నుంచి పడేస్తే ఇంకా ఎక్కువ. ఒక దూలం మీద బస్తా మెల్లగా దించితే ఒక మిల్లీమీటరు వంగిందనుకోండి. అదే బస్తాను 12 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి, అంటే అర అంగుళం కూడా లేని ఎత్తు నుంచి, జారవిడిస్తే ఆ దూలం మీద ఆరు బస్తాలంత భారం పడుతుంది. మన గానుగ షాఫ్టు సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. పగులు దాన్ని సగం చేసింది, దెబ్బ భారాన్ని ఎన్నో రెట్లు చేసింది.

అయితే దూలం కదలకుండా ఉంటుంది, షాఫ్టు తిరుగుతుంది. తిరగడంతో కొత్త చిక్కులు వస్తాయి. ఏ షాఫ్టూ నూటికి నూరుపాళ్ళు తూకంగా ఉండదు. ఎక్కడో కాస్త బరువు ఒక పక్కకు ఉంటుంది. వేగం పెంచేకొద్దీ ఆ బరువు షాఫ్టును బయటకు లాగుతుంది. ఒకానొక వేగం దగ్గర షాఫ్టు విల్లులా వంగి ఊగిపోతుంది. దానికి ప్రమాద వేగం అని పేరు. ఇంతకు ముందు మనం మెచ్చుకున్న రాంకిన్ గారే 1869లో, ఈ వేగాన్ని దాటి ఏ షాఫ్టూ నడవలేదని రాశాడు. ఎంత గొప్పవాడికైనా ఒక పొరపాటు ఉంటుంది. ఆయన మాట మీద గౌరవంతో చాలామంది ఆ గీత దాటే ప్రయత్నం చేయలేదు. స్వీడన్ దేశస్థుడు గుస్తావ్ ద లవాల్ మాత్రం 1889 ప్రాంతంలో సన్నటి, వంగే షాఫ్టుతో ఆవిరి టర్బైను నడిపాడు. నిమిషానికి సుమారు 30 వేల చుట్లు. ప్రమాద వేగాన్ని చటుక్కున దాటించేస్తే ఆ తర్వాత షాఫ్టు తనంతట తానే కుదురుకుంటుందని చేసి చూపించాడు. అదెలా సాధ్యమో 1895లో జర్మనీలో ఫోపెల్, 1919లో జెఫ్కాట్ లెక్కతో వివరించారు. నేటికీ విద్యార్థులు ఈ శాస్త్రాన్ని మొదలుపెట్టేది జెఫ్కాట్ రోటరుతోనే. బరువు లేని షాఫ్టు, దాని నడుమ ఒక బిళ్ళ. అంతే.

కాని నిజమైన షాఫ్టు అంత సాదాగా ఉండదు కదా! దానికి మెట్లుంటాయి, తాళపు గాడులుంటాయి, పళ్ళ చక్రాలుంటాయి, నూనె పొర మీద తేలే బేరింగులుంటాయి. వీటన్నింటినీ ఒక్క సూత్రంలో ఇమడ్చడం ఎవరి తరమూ కాదు. ఇక్కడే కథ ఒక మలుపు తిరుగుతుంది.

రిచర్డ్ కూరంట్ గొప్ప గణిత శాస్త్రవేత్త. హిట్లర్ కాలంలో జర్మనీ విడిచి అమెరికా చేరాడు. 1941లో అమెరికా గణిత సంఘంలో ఆయన ఒక ఉపన్యాసం చేశాడు. అది 1943లో అచ్చయింది. అందులో చివర ఒక ఉదాహరణ ఉంది. లోపల బోలుగా ఉన్న చదరపు కడ్డీని మెలిపెడితే దానిలో ఒత్తిడి ఎక్కడెక్కడ ఎంత ఉంటుంది? ఆ కడ్డీ కోతను ఆయన చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొట్టాడు. ఒక్కొక్క త్రిభుజంలో లెక్క తేలిక. అన్నింటినీ కలిపి కుడితే మొత్తం సమాధానం వస్తుంది. నేడు ప్రపంచమంతా వాడే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి అది తొలి మెట్లలో ఒకటి. మెలిపెట్టిన బోలు షాఫ్టే ఆ పద్ధతికి తొలి పాఠం కావడం విశేషం.

ఫైనైట్ ఎలిమెంట్ అనే మాటకు భయపడనక్కర లేదు. చెరువు విస్తీర్ణం కొలవమంటే మన కరణం ఏం చేసేవాడు? వంకరటింకర చెరువును త్రిభుజాలుగా, చతురస్రాలుగా విడగొట్టి, ఒక్కొక్కటీ కొలిచి కూడేవాడు. ఇదీ అలాంటిదే. షాఫ్టును వేల ముక్కలుగా ఊహించుకుంటారు. ప్రతి ముక్క పక్క ముక్కతో మూలల దగ్గర ముడిపడి ఉంటుంది. ఒక ముక్క లాగితే పక్క ముక్క ఎంత సాగుతుందన్నది చిన్న లెక్క. అలాంటి వేల లెక్కలను ఒకేసారి విప్పడం మనిషి చేతికి సాధ్యం కాదు, కంప్యూటరుకు సాధ్యం. అందుకే కూరంట్ ఆలోచన పుస్తకంలోనే ఉండిపోయింది. కంప్యూటర్లు వచ్చాక, 1956లో, బోయింగ్ విమానాల కంపెనీకి చెందిన టర్నర్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని క్లఫ్, మరి ఇద్దరు కలిసి విమానం రెక్కల కోసం ఈ పద్ధతిని నిలబెట్టారు. 1960లో క్లఫ్ దానికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టాడు. 1967లో జియెంకీవిచ్ తొలి పాఠ్యగ్రంథం వెలువరించాడు. 1960లలోనే అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, నాస్ట్రాన్ అనే ప్రోగ్రాము తయారు చేయించింది.

తిరిగే షాఫ్టు ఈ పద్ధతిలోకి 1972లో రూల్, బుకర్ అనే ఇద్దరి కృషితో వచ్చింది. 1976లో నెల్సన్, మెక్‌వా అనేవారు ఇంకో ముఖ్యమైన సంగతిని చేర్చారు. సైకిలు చక్రాన్ని విప్పి రెండు చేతులతో ఇరుసు పట్టుకుని, ఎవరినైనా గట్టిగా తిప్పమనండి. ఇప్పుడు ఇరుసును పక్కకు వంచబోతే అది మొండికేసి మరో వైపుకు తిరుగుతుంది. బొంగరం నిలబడటానికి కారణం కూడా ఇదే. తిరిగే బిళ్ళ ఉన్న షాఫ్టు నిలిచి ఉన్నప్పుడు ఒకలా, తిరిగేటప్పుడు మరోలా ఊగుతుంది. ఈ బొంగరపు గుణాన్ని లెక్కలో కలపకపోతే సమాధానం తప్పుతుంది. మన దేశంలో ఈ శాస్త్రాన్ని పెంచినవారిలో ఖరగ్‌పూర్, ఢిల్లీ ఐ.ఐ.టి.లలో బోధించిన జె.ఎస్.రావుగారు ముఖ్యులు. రోటార్ డైనమిక్స్ అనే ఆయన గ్రంథం 1983లో వెలువడింది.

దెబ్బను లెక్కించడానికి మరో సాధనం కావాలి. దెబ్బ క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది. కనుక కాలాన్ని కూడా ముక్కలు చేయాలి. ఎంత చిన్న ముక్కలు? ఈ ప్రశ్నకు 1928లోనే జవాబిచ్చిన ముగ్గురిలో ఒకడు మళ్ళీ ఆ కూరంటే! ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5 వేల మీటర్లు పోతుంది. దెబ్బ కబురు కూడా అదే వేగంతో పోతుంది. మన ముక్క పొడవు 5 మిల్లీమీటర్లయితే ఆ కబురు దాన్ని దాటడానికి సెకనులో పది లక్షల వంతు పడుతుంది. మనం వేసే అడుగు అంతకంటే పెద్దదైతే లెక్క అదుపు తప్పుతుంది. అంటే సెకనులో పదో వంతు సేపు జరిగే సంఘటనను చూడాలంటే కంప్యూటరు లక్ష సార్లు మొత్తం షాఫ్టును లెక్కించాలి. ఈ దారిలో నడిచే ప్రోగ్రాములలో పేరు పొందినది 1976లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో హాల్‌క్విస్ట్ రాసిన డైనా త్రీడీ. ఆకాశం నుంచి జారవిడిచిన బాంబు నేలను తాకినప్పుడు ఏమవుతుందో చూడటానికి పుట్టిన ఆ ప్రోగ్రాము, తర్వాత కారు గుద్దుకుంటే లోపలి మనిషి బతుకుతాడా అని చూడటానికి పనికి వచ్చింది. దీనికి భిన్నంగా, నెమ్మదిగా ఊగే కదలికలకు పెద్ద అడుగులతో నడిచే పద్ధతిని న్యూమార్క్ 1959లో ఇచ్చాడు. పని ఎలాంటిదో చూసి ఇంజనీరు ఈ రెండు దారులలో ఒకటి ఎంచుకుంటాడు.

ఇన్ని తెలిసినా ఊహించని దెబ్బలు తగిలాయి. 1970 డిసెంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో మొహావే అనే థర్మల్ కేంద్రంలో ఒక పెద్ద జనరేటరు షాఫ్టు దెబ్బతింది. బాగు చేశారు. 1971 అక్టోబరులో మళ్ళీ అదే జరిగింది. షాఫ్టును ఏ వస్తువూ తాకలేదు. మరి దెబ్బ ఎక్కడ నుంచి వచ్చింది? కరెంటు తీగ నుంచి! దూరపు లైన్లలో ఎక్కువ కరెంటు పంపడానికి కెపాసిటర్లు అమర్చారు. లైనులోని కరెంటు ఊగే తీరు, షాఫ్టు మెలికలు తిరిగే తీరు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తూ పోతే ఎంత ఎత్తుకు పోతుందో, షాఫ్టు మెలిక అలా పెరిగిపోయింది. ఆ రోజు నుంచి టర్బైను షాఫ్టును లెక్కించేవాడు తన యంత్రాన్ని మాత్రమే చూస్తే చాలదు, దాని వెనకనున్న తీగలను కూడా చూడాలని తెలిసింది.

మన దేశానికి వద్దాం. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణువిద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ టర్బైను చివరి వరసలో రెండు బ్లేడులు తెగిపోయాయి. టర్బైను నిమిషానికి 3 వేల చుట్లు తిరుగుతోంది. ఆ వేగంలో షాఫ్టు నడుమ నుంచి ఒక మీటరు దూరంలో ఒక్క కిలో బరువు ఊడిపోతే, షాఫ్టును పక్కకు లాగే శక్తి సుమారు పది టన్నులు. అది సెకనుకు యాభై సార్లు దిక్కు మారుతూ బేరింగులను కొడుతుంది. తెగిన బ్లేడులు పక్క బ్లేడులను కూడా నరికాయి. అదురుకు జనరేటరులోని హైడ్రోజను బయటకు వచ్చి అంటుకుంది. నూనె అంటుకుంది. మంటలు కేబుళ్ళను తినేశాయి. కేంద్రమంతా చీకటైపోయింది. దాదాపు 17 గంటలు కరెంటు లేదు. అక్కడి సిబ్బంది చేతి దీపాలు పట్టుకుని రియాక్టరు భవనం పైకెక్కి, వాల్వులను చేత్తో తిప్పి బోరాన్ ద్రావణాన్ని లోపలికి వదిలారు. రియాక్టరు క్షేమంగా చల్లారింది. రేడియేషను బయటకు రాలేదు. అలసిపోయిన రెండు బ్లేడులు, వాటి వల్ల షాఫ్టుకు తగిలిన ఒక్క దెబ్బ అంత పని చేశాయి. మనల్ని కాపాడింది ఆ రాత్రి చీకట్లో మెట్లెక్కిన మనుషులు.

మరి ఈనాడు ఇంజనీరు ఇలాంటి దెబ్బను కంప్యూటరు మీద ఎలా చూస్తాడు? మొదట షాఫ్టు బొమ్మ గీస్తాడు. నున్నటి భాగాలలో ముక్కలు పెద్దవి, రాంకిన్ చెప్పిన ఆ వంపుల దగ్గర ముక్కలు బాగా చిన్నవి. బేరింగులను స్ప్రింగులుగా, నూనె పొరను అదురును మింగే సాధనంగా రాసుకుంటాడు. తర్వాత షాఫ్టును తిప్పాలి. ఇక్కడ కొత్తవాళ్ళు ఒక తప్పు చేస్తారు. నిలిచి ఉన్న షాఫ్టుకు ఒక్కసారిగా పూర్తి వేగం ఇచ్చేస్తారు. అదే ఒక దొంగ దెబ్బ అవుతుంది. తాము చూడబోయే నిజమైన దెబ్బ అందులో కలిసిపోతుంది. ముందు తిరుగుడు వల్ల పుట్టే లాగుడును షాఫ్టులో నింపి, ప్రతి ముక్కకూ దానికి తగిన వేగం ఇచ్చి, అది కుదురుకున్నాక అప్పుడు దెబ్బ కొట్టాలి.

ఆ దెబ్బను ఒక గీతగా రాస్తారు. ఎంత బలం, ఎంత సేపు, ఏ ఆకారం అన్నది ఆ గీతలో ఉంటుంది. దెబ్బ నిడివికీ షాఫ్టు సహజంగా ఊగే కాలానికీ పొంతన చూడాలి. దెబ్బ మరీ పొట్టిదైతే షాఫ్టు స్పందించే లోగానే అది వెళ్ళిపోతుంది. రెండూ దగ్గరగా ఉంటే, మెల్లగా పెరిగి తగ్గే దెబ్బ కూడా మామూలు భారానికి 1.7 రెట్లకు పైగా పని చేస్తుంది. అందుకే బలం ఒక్కటే అడిగి ఊరుకోకూడదు, ఎంతసేపు అని కూడా అడగాలి. లెక్క పూర్తయ్యాక ముక్కలను ఇంకా చిన్నవి చేసి మళ్ళీ లెక్కించాలి. జవాబు మారకపోతే నమ్మవచ్చు. మారితే మొదటిది నమ్మదగినది కాదు.

ఇలా పరీక్షించుకోకపోతే ఏమవుతుందో నార్వే దేశం చూసింది. సముద్రంలో నూనె తోడే స్లెయిప్నెర్ అనే వేదికకు కాంక్రీటు పునాదిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలోనే లెక్కించారు. గదుల గోడలు కలిసే చోట ముక్కలు సరిగా వేయలేదు. అక్కడి కోత ఒత్తిడి ఉండవలసినదానికంటే 47 శాతం తక్కువగా వచ్చింది. గోడ ఆ మేరకు బలహీనమైంది. 1991 ఆగస్టు 23న నీళ్ళలో ముంచి పరీక్షిస్తుండగా గోడ పగిలి వేదిక మొత్తం అడుగుకు పోయింది. ఎవరి ప్రాణమూ పోలేదు. నష్టం మాత్రం సుమారు 70 కోట్ల డాలర్లు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్ళీ లెక్కిస్తే ఆ గోడ 62 మీటర్ల లోతులో పగలాలని తేలింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే పద్ధతిలో లోపం లేదు. లోపం దాన్ని వాడిన తీరులో ఉంది. కంప్యూటరు గీసే రంగుల బొమ్మ ఎంత అందంగా ఉన్నా, అది మనం చెప్పినదాన్నే తిరిగి మనకు చెబుతుంది.

సరిహద్దు జిల్లాలలో ఉండే మన బతుకు కూడా ఇరుసుల మీదే తిరుగుతోంది. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో 1955 నుంచి మాచ్‌ఖండ్ టర్బైన్లు తిరుగుతున్నాయి. పిడుగు పడి లైను తెగిపోతే జనరేటరు మీది భారం ఒక్కసారిగా పోతుంది, టర్బైను పరుగందుకుంటుంది. అది కూడా షాఫ్టుకు ఒక దెబ్బే. రైలు పెట్టెల కింద తిరిగే ఇరుసులు ఎన్నో బెంగళూరు దగ్గర యలహంక కర్మాగారంలో 1984 నుంచి తయారవుతున్నాయి. ఆ ఇరుసుల లోపల పగుళ్ళున్నాయేమోనని మన చెవికి అందని శబ్దాన్ని పంపి పరీక్షిస్తారు. మా మిస్త్రీ దీపం వెలుగులో విరిగిన తర్వాత చూసిన నల్లటి సగాన్ని వీళ్ళు విరగక ముందే వెదుకుతున్నారు.

ఇంత నేర్చుకున్నాక ఇక ఇరుసులు విరగవని అనుకోవచ్చా? 2009 జూన్ 29 రాత్రి ఇటలీలోని వియారెజ్జో స్టేషను దగ్గర గ్యాసు ట్యాంకర్ల రైలు పట్టాలు తప్పింది. గ్యాసు అంటుకుని పక్కనున్న ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళతో సహా 30 మందికి పైగా చనిపోయారు. కారణం, ఒక ట్యాంకరు ఇరుసులో నెమ్మదిగా పెరిగిన పగులు. మేడాన్ ప్రమాదానికీ దీనికీ మధ్య 167 సంవత్సరాలు. అక్కడా ఇరుసు, ఇక్కడా ఇరుసు. అక్కడా మంట, ఇక్కడా మంట. ఈ మధ్యకాలంలో శాస్త్రం ఎంతో పెరిగింది. లెక్కకు ఏ లోటూ లేదు. కాని వెళ్ళి చూడవలసినవాడు చూడకపోతే లెక్క ఒక్కటే ఎవరినీ కాపాడదు.

కనుక శ్రోతలారా, మీ ఇంట్లో నీళ్ళ మోటరున్నా, ఊళ్ళో పిండి మర ఉన్నా, చెరకు గానుగ ఉన్నా ఒక్క మాట గుర్తుంచుకోండి. కొత్తగా అదురు మొదలైందంటే అది ఏదో చెబుతోందని అర్థం. చప్పుడు మారితే ఆపి చూడండి. మెట్టు దగ్గర, గాడి దగ్గర వేలితో తడిమి చూడండి. యంత్రం ఆగి ఉన్నప్పుడే సుమా! గానుగకు బలహీనమైన పిన్ను ఒకటి కావాలని పెడతారు. దెబ్బ తగిలితే అది తెగి షాఫ్టును కాపాడుతుంది. అది పదే పదే తెగుతోందని విసుక్కుని దాని స్థానంలో గట్టి బోల్టు బిగించకండి. మా గానుగకు ఆ రోజు ఉన్నది అలాంటి గట్టి బోల్టే.